క్రికెట్ ఫ్లెక్సీ మీద ఎవరి పేరు?

అమెరికాలో చర్చీలు ధర్మకార్యాల నిమిత్తం గోల్ఫ్ పోటీలు పెడుతుంటాయి. 18 గుంతల దగ్గరా స్పాన్సర్ల బోర్డులు కనిపిస్తాయి. మన కర్నూలు, కడప పల్లెల్లో క్రిస్మస్‌కు, సంక్రాంతికి ఆడేది క్రికెట్. మొదటి బహుమతి ఒకరిది, కప్పులు ఒకరివి, ఎండలో మంచినీళ్ల క్యాన్లు ఇంకొకరివి (మా లెక్కలో నీళ్లిచ్చినవారే పెద్ద దాత). బేతంచెర్ల నాపరాయి పాలిష్ యూనిట్లు, ప్రొద్దుటూరు బంగారు అంగళ్లు, ఎరువుల షాపులు: అడగదగినవారు ఉన్నారు.

అయితే అడగబోయే సంఘ యౌవనస్థులకు ఒక తేడా తెలియాలి. ఫ్లెక్సీ మీద పేరు కోసం ఇచ్చేది ప్రకటన; వ్యాపారి దాన్ని ఖర్చు కింద రాసుకుంటాడు. పేరు కోరకుండా ఇచ్చేది విరాళం. దాని మీద పన్ను మినహాయింపు రావాలంటే పుచ్చుకునే సంస్థకు ఆదాయపన్ను శాఖ గుర్తింపు ఉండాలి. 2,000 రూపాయలు దాటితే నగదు పనికిరాదు. రెంటికీ ఒకే రసీదు పుస్తకం వాడితే తర్వాత తగవులే.

పొగాకు ప్రకటనలను 2003 చట్టం ఒప్పుకోదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. వైన్‌షాపు యజమాని ఇస్తానంటే? కప్పు చిన్నదైనా సరే, వద్దనండి. ఆ మాట నెల ముందే చెప్పండి, ఫ్లెక్సీ అచ్చయ్యాక కాదు.