పురపాలక సంఘముల పద్దులు

పొలము కౌలున కిచ్చిన భూస్వామి నూర్పిడినాడు కళ్లమువద్ద నిలిచి కొలత చూచుకొనును. ఇల్లు కట్టించుకొను గృహస్థు మేస్త్రి దింపించిన యిటుకలను లెక్కించుకొనును. ఆ యిరువురే, తాము చెల్లించిన పన్నుతో తమ వాకిటిముందు కాలువ కట్టుచుండగా, అది మునిసిపాలిటీ పని యని ముఖము త్రిప్పుకొని పోవుదురు. గుత్తదారునకు ఇంతకంటె కావలసిన దేమున్నది?

మనవా రెల్లప్పుడు నిట్టి యుదాసీనులు కారు. చీరాల, పేరాలలు యూనియనుగా నున్నపుడు సాలీనా సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను, పురపాలక సంఘమును నెలకొల్పిన పిదప సుమారు 40,000 రూపాయల కెక్కినది. ఆ సంఘము తమకు వలదని ప్రజలు మొఱపెట్టుకొన్నను నాటి మదరాసు ప్రభుత్వము వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులలో నధికభాగము ఇండ్లు వాకిళ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు మాసములు ఎండకు వానకు నోర్చిరి. పన్ను విధించువారు పన్ను చెల్లించువారికి జవాబుదారులా, కారా యనునదే యచ్చటి వివాదము. ఇది నేటికిని తీరలేదు. అప్పుడు అధికారము పరాయివారి చేతులలో నుండెను. ఇప్పుడు మనము ఓటు వేసి కూర్చుండబెట్టిన వారి చేతులలో నున్నది. కావున నెపము మోపుటకు మఱియొకరు లేరు.

చట్టములకు లోటు లేదు. భీమునిపట్టణమున పురపాలక సంఘ మేర్పడినది 1861లో. మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టములు 1884లోను 1920లోను వచ్చినవి. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టము, 1993 జూన్ 1 నుండి 74వ రాజ్యాంగ సవరణము అమలునకు వచ్చినవి. తెలంగాణమునకు 2019లో వేఱు చట్టము చేయబడి, బడ్జెట్టులో పదవవంతు పచ్చదనమునకు కేటాయింపవలెనని విధింపబడినది. ఇంత చట్టసామగ్రి యున్నను వీధిదీపము వెలుగకుండుటకు కారణము పద్దులలో వెదకవలెను.

బడ్జెట్టును కమిషనరు సిద్ధపఱచును, కౌన్సిలు ఆమోదించును. ఆ పట్టికలో మొదట చూడవలసినది ఖర్చు కాదు, రాబడి. ఏండ్ల తరబడి వసూలు కాని ఇంటిపన్ను బాకీ మొత్తమును ఈ సంవత్సరమే వచ్చునట్లు వ్రాయుదురు. ఇంకను మంజూరు కాని గ్రాంటును జమకట్టుదురు. అట్లు ఉబ్బించిన రాబడిపై ప్రతి వార్డునకును ఒక రోడ్డు, ఒక కాలువ చూపవచ్చును. సభ్యులు సంతసింతురు, తీర్మానము ఏకగ్రీవమగును. ఏడాది నడుమకు వచ్చుసరికి జీతములు, చెత్త యెత్తు ఖర్చులు, నీటిపంపుల విద్యుచ్ఛక్తి బిల్లులు ఉన్న రొక్కమును మ్రింగివేయును. గ్రాంటులతో ఈ లోటు పూడ్చుద మన్నను అన్నియు స్వేచ్ఛగా వాడుకొనదగినవి కావు. 15వ ఆర్థిక సంఘము 2021–26 సంవత్సరములకు చిన్న పట్టణముల కిచ్చిన దానిలో నూటికి 60 వంతులు నీటిసరఫరా, పారిశుద్ధ్యములకే ముడిపడియున్నవి. ఇక పనిచేసిన కంట్రాక్టరు బిల్లు నెలల కొలది బల్లమీద పడియుండును. ఇందలి నష్టము కంట్రాక్టరునకే యని తలంచుట పొరపాటు. అప్పుదెచ్చి పనిచేసిన చిన్న గుత్తదారుడు వడ్డీభారమున మునిగి మఱుసటి టెండరునకు రాడు. బిల్లు కదలించుకొనగల పలుకుబడి గలవారే మిగులుదురు. పోటీ తగ్గును, ధర పెరుగును, పని చెడును. బడ్జెట్టులో వ్రాసిన చిన్న యసత్యము కాలువగోడలో బీటయై కనబడుట ఇట్లు.

టెండరు విధానము కాగితముమీద మిక్కిలి కట్టుదిట్టముగా నున్నది. ఇంజనీరు నిర్ణీత రేట్లనుబట్టి అంచనా వేయును, ధరావతు చెల్లించినవారు ఇంత శాతము ఎక్కువకో తక్కువకో పాడుదురు, ఒప్పందము వ్రాసికొందురు, జరిగిన పనిని కొలతల పుస్తకమున నెక్కించి బిల్లు చేయుదురు. అయినను సందులున్నవి. ఒక పెద్ద కాలువను మూడు ముక్కలు చేసి మూడు చిన్న పనులుగా చూపినచో పై యధికారి మంజూరుతో పనిలేదు, విస్తారమైన ప్రకటనతో పనిలేదు. గుత్తదారులు ముందే యొకచోట కూడి, ఈ పని నీకు, ఆ పని నాకు అని పంచుకొన్నచో వేసిన టెండరులన్నియు నాటకమే. దీనిని వారు ‘రింగు’ అందురు. అంచనాకంటె మిక్కిలి తక్కువకు పాడినవానిని చూచి సంతోషింపరాదు. ఆ తగ్గింపు సిమెంటులోనుండి వచ్చునో, ఇసుకలోనుండి వచ్చునో, కొలతలోనుండి వచ్చునో విచారింపవలెను. సొంత జేబులోనుండి పట్టణమునకు దానము చేయు గుత్తదారుని మేమింతవఱకు చూడలేదు.

ఆశీలు వేలము, అంగళ్ల వేలము మాటయు నింతే. సంఘపు దుకాణమును స్వల్పమైన అద్దెకు పాడుకొని, దానినే పలురెట్లకు మఱియొకనికి ఇచ్చి, నడుమ లాభము తినువా రనేకులు. ఆ సొమ్ము పట్టణపు సొమ్ము. అయినను దీనిగూర్చి కౌన్సిలులో ప్రశ్న రాకపోవుటకు ఆ పాటదారు లెవరి బంధువులో విచారించిన తెలియును.

సభ జరుగు విధమును గూడ చూడవలెను. అజెండా ముందుగా సభ్యులకు పంపవలెను. ముఖ్యమైన యంశములు మాత్రము సభ నడుచుచుండగా ‘టేబుల్ అజెండా’ యను పేర బల్లమీదికి వచ్చును. చదువుకొనుటకు తీరిక యుండదు. మఱికొన్ని పనులకు అధ్యక్షుని ముందస్తు అనుమతి పేర ఖర్చు జరిగిపోయి యుండును. కౌన్సిలు చేయవలసినది ‘ధ్రువీకరణము’ మాత్రమే. వరద వచ్చినపుడో, పైపు పగిలినపుడో ఇట్టి యనుమతి యవసరమే. కాని స్వాగతద్వారములకును, సన్నాహపు పందిళ్లకును ఆపద్ధర్మ మేమి? ఇట్టి యంశములపై అసమ్మతి తెలిపిన సభ్యుని మాట మినిట్సు పుస్తకమున నెక్కినదా లేదా యని అతడే చూచుకొనవలెను.

ఈ మాత్రపు సభయైనను లేని కాలము మనము చూచితిమి. ఆంధ్రదేశమున 2010లో కౌన్సిళ్ల గడువు తీరిన పిదప 2014 వఱకు ఎన్నికలు లేవు, ప్రత్యేకాధికారులు పాలించిరి. గడువు తీరకముందే ఎన్నిక జరుపవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. 2006లో సుప్రీముకోర్టు ఆ మాటనే నొక్కి చెప్పినది. ఆ నాలుగేండ్లు బడ్జెట్టును సిద్ధపఱచినవారే ఆమోదించిరి. ప్రశ్నించువాడు లేనిచోట తీర్మానమునకును ఉత్తరువునకును భేదమేమి?

ఆడిటరులు ఏటేట ఆక్షేపణలు వ్రాయుదురు. సంఘము సమాధానము వ్రాయును, లేదా వ్రాయదు. ఆక్షేపణ మాత్రము పాతబడును. ఆ నివేదికను పన్నుదారుడు అడిగి తెచ్చుకొనవచ్చును. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము బడ్జెట్టును, చేసిన చెల్లింపులను సంఘము అడుగకయే ప్రకటింపవలెను. అడిగినవానికి సాధారణముగా 30 దినములలో బదులీయవలెను. అంతియేకాదు, జరుగుచున్న పనిని తనిఖీ చేయుటకును, వాడిన సామగ్రినుండి ధ్రువీకరింపబడిన నమూనాను పొందుటకును ఆ చట్టము పౌరునకు హక్కిచ్చినది. తన వీధిలో కాలువపని మొదలైన పన్నుదారుడు ఆ దరఖాస్తును తొలకరికి ముందే పెట్టుకొనుట మేలు. రెండు వానలు కురిసిన పిదప నమూనా తీయుటకు అక్కడ సిమెంటు మిగులకపోవచ్చును.