బిజినెస్ ల్యాప్‌టాప్: ఇప్పుడే కొనాల్సింది ఏది, తర్వాత మార్చుకోగలిగింది ఏది?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో గానీ, మన ఊళ్లోని చిన్న కంప్యూటర్ షాపులో గానీ ల్యాప్‌టాప్ బేరమాడుతుంటే తరచూ వినిపించే మాట ఒకటుంది: "ప్రస్తుతానికి ఇది తీసుకోండి సార్, ర్యామ్ తర్వాత వేయించుకోవచ్చు." పదేళ్ల కిందట ఈ మాటను చాలావరకు నమ్మేవాళ్లం, అందులో తప్పేమీ లేదు. ఇప్పుడది మోడల్‌ని బట్టి నిజమూ కావచ్చు, పూర్తిగా అబద్ధమూ కావచ్చు.

థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి బిజినెస్ మోడళ్లను ఇవాళ పెద్ద కంపెనీలే కాదు, ఆడిటర్ ఆఫీసులు, చిన్న వ్యాపారులు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు కూడా సొంత డబ్బు పెట్టి కొంటున్నారు. కంపెనీలైతే కొన్నేళ్లకు పాతవి తీసేసి కొత్తవి తెచ్చుకుంటాయి. మనం పాడయ్యేదాకా వాడతాం. అందుకే ఏ భాగం తర్వాత మార్చుకోవచ్చు, ఏది మార్చలేం అన్న లెక్క కంపెనీలకంటే మనకే ఎక్కువ అవసరం. ఆ లెక్కను తప్పించే అపోహలు కొన్ని గట్టిగా నాటుకుపోయాయి.

అపోహ: ర్యామ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు పెంచుకోవచ్చు

వాస్తవం: స్లాట్ ఉంటేనే పెంచుకోగలం. అది ఉందో లేదో బ్రాండ్ చూసి చెప్పలేం, ఒక్కోసారి మోడల్ పేరు చూసినా చెప్పలేం. థింక్‌ప్యాడ్‌నే తీసుకుందాం. 1992లో ఐబీఎం మొదలుపెట్టిన ఈ ల్యాప్‌టాప్‌లు 2005లో లెనోవో చేతికి వచ్చాయి. ఇందులో టీ సిరీస్ ఆఫీసుల్లో బాగా కనిపిస్తుంది. 2018లో వచ్చిన టీ480లో రెండు ర్యామ్ స్లాట్లున్నాయి. మరుసటి ఏడాది టీ490కి వచ్చేసరికి కొంత ర్యామ్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి, ఒక్క స్లాట్ మిగిల్చారు. 2023 నాటి టీ14 జెన్ 4 దగ్గర చిక్కు మరీ ముదిరింది. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చిన టీ14 జెన్ 4లో ఒక స్లాట్ ఉంది. ఏఎండీ ప్రాసెసర్‌తో వచ్చిన టీ14 జెన్ 4లో అసలు స్లాటే లేదు. పేరు ఒకటే, పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, లోపల మాత్రం ఒకటి పెరుగుతుంది, ఇంకొకటి పెరగదు.

2024లో టీ14 జెన్ 5కు రెండు స్లాట్లూ తిరిగి వచ్చాయి. వస్తువులను బాగు చేసుకునే హక్కు కోసం గట్టిగా మాట్లాడే ఐఫిక్సిట్‌తో కలిసి లెనోవో ఈ డిజైన్ చేసింది. వాడకందారులు ఏళ్ల తరబడి అడిగినందుకు దక్కిన ఫలితంగానే నేను దీన్ని చూస్తాను. అయినా అదే వరుసలోని సన్నటి టీ14ఎస్‌లోనూ, ఎక్స్1 కార్బన్‌లోనూ ర్యామ్ మొత్తం బోర్డుకే అతికి ఉంటుంది. డెల్‌లో చూస్తే లాటిట్యూడ్ 5440కి రెండు స్లాట్లున్నాయి, దానికంటే పైమెట్టున ఉన్న 7440కి ఒక్కటీ లేదు. ఖరీదు పెరిగేకొద్దీ మార్చుకునే వీలు పెరుగుతుందనుకుంటే పొరపాటే. చాలాసార్లు అది తగ్గుతుంది.

ఇందులో కంపెనీల లాభాపేక్ష ఒక్కటే లేదు. ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ తక్కువ కరెంటుతో ఎక్కువ వేగం ఇస్తుంది, కానీ ప్రాసెసర్‌కు బాగా దగ్గరగా ఉండాలి. అందుకే దాన్ని బోర్డుకు అతికిస్తారు. 2024లో ఇంటెల్ తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ సిరీస్‌లోనైతే ర్యామ్ ఏకంగా ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది. 16 జీబీ లేదా 32 జీబీ, అంతే. ఆ తర్వాత ఎంత గొప్ప టెక్నీషియన్ అయినా పెంచలేడు. ఎల్‌పీడీడీఆర్ వేగాన్నీ, మార్చుకునే వీలునూ కలిపిన ఎల్‌పీక్యామ్2 మాడ్యూల్ 2024లో థింక్‌ప్యాడ్ పీ1 జెన్ 7తో వచ్చింది గానీ, అప్పట్లో మామూలు ఆఫీసు మోడళ్లకు పెద్దగా దిగిరాలేదు.

కాబట్టి కొనే ముందు షాపువాళ్ల మాట కాకుండా తయారీదారు పత్రం చూడండి. లెనోవోకు పీఎస్‌ఆర్‌ఈఎఫ్ అనే స్పెసిఫికేషన్ల సైటు ఉంది, హెచ్‌పీకి క్విక్‌స్పెక్స్ ఉన్నాయి, డెల్‌కు ఓనర్స్ మాన్యువల్ ఉంది. వాటిలో 'సోడిమ్ స్లాట్' అని ఉంటే పెంచుకోవచ్చు. 'సోల్డర్డ్' లేదా 'ఆన్‌బోర్డ్' అని మాత్రమే ఉంటే కొన్న రోజు ఎంతో చివరిదాకా అంతే. అలాంటిది కొంటే 16 జీబీకి తగ్గొద్దు. ఐదారేళ్లు వాడాలనుకుంటే 32 జీబీకే వెళ్లండి. రెండు స్లాట్లుంటే ఒక 16 జీబీ స్టిక్‌తో మొదలుపెట్టి, అవసరమైనప్పుడు రెండోది వేయించుకోవడం తెలివైన పద్ధతి. రెండోది వేశాక ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ వేగం కూడా పెరుగుతుంది. వేరే కంపెనీ స్టిక్ కలిపితే పాడైపోతుందన్న భయం అక్కర్లేదు, రెండింటిలో తక్కువ వేగంతో నడుస్తాయి. అయితే డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, గాడి ఉండే చోటే వేరు.

అపోహ: ఐ5 కంటే ఐ7 ఎప్పుడూ చాలా వేగం

వాస్తవం: 13వ తరం ఐ5-1335యూ, ఐ7-1355యూ రెండింటిలోనూ కోర్లు పదే, క్యాష్ కూడా సమానమే. ఐ7 గరిష్ఠ వేగం కాస్త ఎక్కువ: 4.6 గిగాహెర్ట్జ్‌కు బదులు 5. ట్యాలీ, ఎక్సెల్, వీడియో కాల్స్‌లో ఆ తేడా పట్టుకోవడం కష్టం. ఆ తేడా డబ్బుతో మంచి స్క్రీన్‌కో, ఎక్కువ ర్యామ్‌కో వెళ్లమని నా సలహా. అసలు చూడాల్సింది చివరి అక్షరం. 'యూ' అంటే తక్కువ కరెంటు, 'హెచ్' అంటే ఎక్కువ శక్తి, దాంతోపాటు ఎక్కువ వేడి.

ఏఎండీలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. రైజెన్ 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. రైజెన్ 5 7520యూలో ఉన్నది జెన్ 2, 7530యూలో జెన్ 3, రైజెన్ 7 7840యూలో జెన్ 4. 7తో మొదలైనంత మాత్రాన అన్నీ కొత్తవి కావు. ఇక ప్రాసెసర్‌ను తర్వాత మార్చడమన్నది మరచిపోవాల్సిందే. ఇంటెల్ నాలుగో తరం దాకా కొన్ని ల్యాప్‌టాప్‌లలో అది సాకెట్‌లో కూర్చునేది. ఇప్పుడు బోర్డుకే సోల్డర్ అయి వస్తుంది.

అపోహ: ఫుల్ హెచ్‌డీ అయితే స్క్రీన్లన్నీ ఒకటే

వాస్తవం: ఒకే మోడల్‌కు రెండు మూడు రకాల స్క్రీన్లు పెడతారు, చవకైన వేరియంట్లలో తరచూ 250 నిట్స్ వెలుతురు, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రంగులున్న స్క్రీన్ వస్తుంది. రంగులు పాలిపోయినట్టుంటాయి, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు చిట్లించాలి. 400 నిట్స్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ స్క్రీన్ పక్కన పెట్టి చూస్తే ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకా దొరికే 1366 బై 768 స్క్రీన్లనైతే తెలుగులో పనిచేసేవాళ్లు అసలు తీసుకోవద్దు. ఒత్తులు, గుణింతాలు చిన్న సైజులో అలుక్కుపోతాయి, గంటలకొద్దీ చదివితే కళ్లు లాగుతాయి.

స్క్రీన్ తర్వాత మార్చడం అసాధ్యం కాదు, కానీ కొన్నిసార్లు ప్యానెల్‌తోపాటు 30 పిన్నుల కేబుల్ తీసి 40 పిన్నుల కేబుల్ కూడా వేయాలి. ఖర్చు చూసుకుంటే మొదట్లోనే మంచిది తీసుకోవడం లాభం. నన్నడిగితే డబ్బు ముందుగా పెట్టాల్సింది దీనికే. రోజంతా చూసేది స్క్రీన్‌నే కదా.

అపోహ: ఎస్‌ఎస్‌డీ మొదట్లోనే పెద్దది తీసుకోవాలి

వాస్తవం: అన్నిటికంటే తేలిగ్గా మార్చుకోగలిగింది ఇదే. చాలా బిజినెస్ మోడళ్లలో ఎం.2 స్లాట్ ఉంటుంది, ఒక్క స్క్రూ విప్పితే ఎస్‌ఎస్‌డీ బయటికొస్తుంది. కంపెనీ 1 టీబీకి అదనంగా అడిగే ధర ఎక్కువనిపిస్తే 256 లేదా 512 జీబీతో సరిపెట్టుకోండి. కొత్తది కొనేటప్పుడు పొడవు మాత్రం చూసుకోవాలి: 2280, 2242, 2230 అని మూడు సైజులు వాడుకలో ఉన్నాయి. మార్చే ముందు డేటా బ్యాకప్ తీసి, బిట్‌లాకర్ రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసిపెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త విండోస్ 11 మెషిన్లలో ఎన్‌క్రిప్షన్ చాలాసార్లు దానంతటదే ఆన్ అయి ఉంటుంది. ఆ కీ లేకపోతే పాత డిస్కు చేతిలో ఉన్నా లోపలి ఫైళ్లు అందవు.

అపోహ: వెనక మూత విప్పితే వారంటీ పోతుంది

వాస్తవం: బిజినెస్ మోడళ్లకు కంపెనీలే విప్పే విధానాన్ని బొమ్మలతో సహా పుస్తకంగా ఇస్తాయి. లెనోవో హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్‌లో వాడేవాళ్లే మార్చుకోదగిన భాగాల జాబితా విడిగా ఉంటుంది. ర్యామ్ వేసుకున్నంత మాత్రాన వారంటీ పోదు. విప్పేటప్పుడు మీ చేతిలో ఏదైనా విరిగితే ఆ నష్టం మాత్రం మీదే. థింక్‌ప్యాడ్‌లో మూత తీసే ముందు బయోస్‌లోకి వెళ్లి ఇన్‌బిల్ట్ బ్యాటరీని డిజేబుల్ చేయాలి. చాలామంది వదిలేసే జాగ్రత్త ఇది.

వారంటీ విషయంలో నిజంగా అడగాల్సింది ఆన్‌సైటా, క్యారీ-ఇన్నా అని. ఆన్‌సైట్ అయితే మనిషి ఇంటికో ఆఫీసుకో వస్తాడు. క్యారీ-ఇన్ అయితే సర్వీస్ సెంటర్‌కు మీరే మోసుకెళ్లాలి. జిల్లా కేంద్రానికి దూరంగా ఉండేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

అపోహ: 'మిలిటరీ గ్రేడ్' అంటే కింద పడినా ఏమీ కాదు

వాస్తవం: మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ రాసిన పరీక్షా పద్ధతుల సంపుటి. వేడి, తేమ, దుమ్ము, కుదుపు ఇలా అందులో ఎన్నో పరీక్షలున్నాయి. ఏవి చేయించాలో తయారీదారే ఎంచుకుంటాడు, సైన్యం సర్టిఫికెట్ ఇవ్వదు. గట్టిదనానికి అదొక సూచన, అంతకుమించి హామీ కాదు.

అపోహ: సిమ్ స్లాట్ కనిపిస్తే 4జీ ఉన్నట్టే

వాస్తవం: స్లాట్ ఉన్నా లోపల మోడెమ్ కార్డు ఉండకపోవచ్చు. యాంటెన్నాలు కూడా లేకపోతే తర్వాత వేయించడం పెద్ద పని. సిమ్‌తో ఇంటర్నెట్ కావాలంటే కొనేటప్పుడే కార్డుతో ఉన్నది తీసుకోండి.

అపోహ: కంపెనీలు వాడి అమ్మేసిన థింక్‌ప్యాడ్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు

వాస్తవం: మంచి పాత బిజినెస్ ల్యాప్‌టాప్ నిజంగా విలువైన బేరమే. కీబోర్డు, బాడీ, విడిభాగాల లభ్యత విషయంలో అదే ధరకొచ్చే కొత్త చవక మోడల్ కంటే అది మేలు. కానీ కళ్లు తెరిచే కొనాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి ఉండాలి. అందుకే 6, 7 తరాల టీ470, లాటిట్యూడ్ 7480 ఇప్పుడు చవగ్గా కనిపిస్తాయి. లినక్స్ వాడేవాళ్లకు పర్వాలేదు, ట్యాలీ కోసం విండోస్ కావాల్సినవాళ్లు వాటి జోలికి వెళ్లొద్దు. ఒక్క మెట్టు పైకెక్కి 8వ తరం ప్రాసెసర్ ఉన్న టీ480, లాటిట్యూడ్ 7490 చూడండి.

డబ్బు ఇచ్చేలోపు షాపులోనే మూడు పనులు చేయించండి. బయోస్‌లోకి వెళ్లి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడాలి. అడిగితే వదిలేయండి. తర్వాత విండోస్‌ను మొదటినుంచి సెటప్ చేసి వైఫైకి కలపమనండి. ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడిగిందంటే ఆ మెషిన్ ఇంకా పాత యజమాని ఆటోపైలట్ జాబితాలోనే, అంటే కంపెనీ తన మెషిన్లను దూరం నుంచి నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థలోనే ఉంది. ఇంటికెళ్లాక ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అదే తెర మళ్లీ వస్తుంది. చివరగా విండోస్ బ్యాటరీ రిపోర్ట్ తీయించి, డిజైన్ కెపాసిటీలో ఇప్పుడు ఎంత మిగిలిందో చూడండి. బాగా తగ్గి ఉంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. కొన్నాక ఎక్కువసేపు ప్లగ్‌లో ఉంచి వాడేవాళ్లు తయారీదారు సాఫ్ట్‌వేర్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపేలా పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం నిలుస్తుంది.

కొత్తదైనా పాతదైనా బిల్లు మీద 'థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్ – 1' అని రాస్తే ఒప్పుకోకండి. పూర్తి మోడల్ నంబరు, సీరియల్ నంబరు, ర్యామ్, వారంటీ రకం రాయించుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులు తమ నంబరు కూడా వేయించుకుంటే, వ్యాపారానికి కొన్న ల్యాప్‌టాప్ మీద కట్టిన 18 శాతం పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఆ సీరియల్ నంబరును కంపెనీ సైట్‌లో కొట్టి చూస్తే ఫ్యాక్టరీ నుంచి ఏ ప్రాసెసర్‌తో, ఎంత వారంటీతో బయటికి వచ్చిందో కనిపిస్తుంది. షాపు మెట్లు దిగకముందే ఆ పని చేయండి.