పిల్లి నడవడి హఠాత్తుగా మారితే...

స్థిమితం లేక తిరిగేవారిని మనం ‘కాలు కాలిన పిల్లి’తో పోలుస్తాము. పిల్లి తన బాధను నోటితో చెప్పలేదు. అది నడవడిలోనే బయటపడుతుంది. నిన్నటి వరకు ఒడిలో పడుకొన్న పిల్లి నేడు మీదపడి రక్కినా, చీకటి మూలల్లో దాగినా, రాత్రంతా అరచినా దానికి గాలి సోకిందనుకోవడం గాని, పొగరెక్కిందని కొట్టడం గాని తగదు. తరచుగా దాని వెనుక ఏదో ఒక వ్యాధి ఉంటుంది.

మొదట అనుమానించవలసినది రేబిస్

తెలుగులో పిచ్చికుక్క, కన్నడంలో హుచ్చునాయి, తమిళంలో వెఱినాయ్ అంటారు. మూడు భాషల్లోనూ కుక్క పేరే వినిపించడం వలన ఈ వ్యాధి పిల్లి ద్వారా రాదని చాలామంది భ్రమపడతారు. పిచ్చికుక్క కరచిన పిల్లికీ ఇది సోకుతుంది. అటువంటి పిల్లి కారణం లేకుండా దాడి చేస్తుంది, గొంతు మారుతుంది, చొంగ కారుతుంది, వెనుక కాళ్లు తడబడతాయి. లక్షణాలు కనిపించిన తరువాత పది రోజులలోపే సాధారణంగా మరణిస్తుంది.

అది కరచినా, రక్కినా గాయాన్ని వెంటనే ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసరు పూయరాదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. మిగిలిన మోతాదులు 3, 7, 28వ రోజులలో ఇస్తారు. కండరానికి ఇచ్చే పద్ధతిలో 14వ రోజున కూడా ఉంటుంది. గాయం నుండి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరమవుతుంది. పిల్లిని పది రోజులు గమనించాలన్నది నిజమే గాని, అందుకోసం టీకాను ఆపరాదు. మనిషిలో లక్షణాలు మొదలైతే బ్రతకడం దాదాపు అసాధ్యం. పిల్లలు రక్కిన సంగతి భయంతో దాచిపెడతారు. తిట్టక అడిగి తెలుసుకోవాలి.

విషప్రభావం

చేలలో పురుగుమందులు చల్లే రోజులలో, ఇంట ఎలుకల మందు పెట్టినపుడు పిల్లికి వణుకు, చొంగ, మూర్ఛ వస్తే విషాన్ని అనుమానించాలి. మందు తిన్న ఎలుకను తిన్నా ప్రమాదమే. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం. జ్వరమని పారాసిటమాల్ మాత్ర వేయడం మరీ ప్రమాదం. పిల్లి శరీరం దానిని విరిచి బయటకు పంపలేదు. ఉప్పునీరు పోసి వాంతి చేయించక, మందు పొట్లంతో సహా వైద్యుని వద్దకు తీసుకుపోవాలి.

నొప్పి, వయస్సు

మగపిల్లి మాటిమాటికి మూత్రానికి కూర్చుని, చుక్క రాక అరుస్తుంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోగలదు గనుక తెల్లవారేదాకా వేచి ఉండరాదు. చెవిపోటు, పంటినొప్పి, లోపలి గాయం ఉన్న పిల్లి తాకనివ్వదు, కరుస్తుంది. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోయి రాత్రులు అరిస్తే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తున్నదేమో చూపించాలి. కంటిపాపలు పెద్దవై గోడలకు తగులుతుంటే రక్తపోటు వలన చూపు పోయి ఉండవచ్చు.

వ్యాధి కానిది కూడా ఒకటున్నది. సుమారు ఆరు నెలలు నిండిన ఆడపిల్లి నేలపై దొర్లుతూ, నడుము ఎత్తి, ఆగకుండా అరుస్తుంటే అది ఎదకు వచ్చినట్లు.

మనం చేయవలసినది

మారిన పిల్లిని ఒట్టి చేతులతో పట్టుకోరాదు. పిల్లలను దూరం పంపి, దానిని ఒక గదిలో ఉంచి తలుపు మూయాలి. ఎప్పటి నుండి మారినది, ఏమి తిన్నది, ఎవరిని కరచినది కాగితంపై వ్రాసుకొని పశువైద్యునికి చెప్పాలి. ఆసుపత్రి సరిహద్దుకు ఏ వైపున ఉన్నా దగ్గరి దానికే వెళ్లడం మేలు. మూడు నెలల వయస్సులో పిల్లికి రేబిస్ టీకా వేయించి, ఆపై వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయిస్తూ ఉంటే ఇంటిల్లిపాదికీ రక్షణ.