గృహమున బొమ్మబండ్ల నిర్మాణము



మా మండవల్లి కొల్లేటి సీమలోని యూరు. గుడివాడనుండి భీమవరము పోవు రైలుమార్గమున నున్నది. పూర్వము కృష్ణాజిల్లాలోనిదై, 2022వ సంవత్సరమునుండి ఏలూరు జిల్లాలో చేరినది. ఈ ప్రాంతమున ఎటుచూచినను చేపల చెఱువులే. మంచుగడ్డల నడుమ చేపలను నింపుకొని లారీలు రాత్రింబవళ్లు దూరరాష్ట్రములకు పోవుచుండును. ఇట్టి చోట పెరిగిన పిల్లలకు బండ్లమీద మనసు పోవుటలో వింత లేదు. వేసవిలో ముంజెలు తినివేసిన తాటికాయలు రెంటిని పుల్లకు గ్రుచ్చి, పంగలకఱ్ఱతో దొరలించుకొనిపోవుట మన పల్లెపిల్లలందఱు నెఱిగిన యాట. మన యిండ్లలో పుట్టిన మొదటి బొమ్మబండి అదియే యని నా తలంపు.

ఇక నా పొరపాటొకటి చెప్పవలసియున్నది. రెండేండ్లక్రిందట మా చెల్లెలి కుమారుడు, పదునొకండేండ్లవాడు, చదువునకై మా యింట నుండెను. వాని తండ్రి చేపలలారీ నడుపువాడు. నెలలో ఇరువది దినములు ఇలు చేరడు. పిల్లవాడు బడినుండి వచ్చినతోడనే శుభలేఖల అట్టలు, సీసామూతలు, చీపురుపుల్లలు ముందిడుకొని మూలగదిలో కూర్చుండెడువాడు. ఇల్లంతయు చెత్త చేయుచున్నావని నేను కసరుచుంటిని. భోగినాటి తెల్లవాఱుజామున పాతసామాను మంటలో వేయు తొందరలో, మూలనున్న అట్టలకుప్పను గూడ ఎత్తి వేసితిని. అందు సగము పూర్తియైన లారీ కలదు. పిల్లవాడు ఏడ్వలేదు. “అది నాన్న లారీ, పెద్దమ్మా” అని మాత్రమనెను. పండుగ మూడునాళ్లును వాడు నాతో మాటాడలేదు.

కనుమ మఱునాడు నేనే వాని ప్రక్కన కూర్చుండి, “మఱల చేయుదము, నాకు నేర్పుము” అంటిని. వాడు సందేహించుచు తన నోటుపుస్తకము తెచ్చెను. తండ్రి వచ్చినపుడెల్ల పురికొసతో లారీ పొడవు, వెడల్పు, చక్రముల యెత్తు కొలిచి వ్రాసికొన్న పట్టిక అందు కలదు. నేను చెత్త యనుకొన్నదాని వెనుక ఇంత లెక్క యున్నదని తెలిసి సిగ్గుపడితిని.

ఈ విద్యకు ప్రాణము నిష్పత్తి. అసలు బండిలోని ప్రతి కొలతను ఒకే సంఖ్యచే భాగింపవలెను. 24చే భాగించినచో అడుగు అర అంగుళమగును. 1:24 అను కొలతకు అర్థమిదియే. మా లారీ పొడవు 30 అడుగులు, వెడల్పు 8 అడుగులు. నమూనాలో అవి 15 అంగుళములు, 4 అంగుళములు అయినవి. చక్రపు టెత్తు 40 అంగుళములు. నమూనాలో ఒకటిన్నర అంగుళమునకు కొంచె మెక్కువ రావలెను. మొదటి లారీకి పెట్టిన మూతలు అంగుళమే యుండుటచే అది ఎలుకకాళ్ల ఏనుగువలె నుండెనని వాడే చెప్పి నవ్వెను. వాడు నాతో నవ్వుట అదియే మొదలు.

మఱియొక యుదాహరణము. 1957 మొదలు 2014 వఱకు మన దేశమున తయారైన అంబాసిడరు కారును ఎఱుగనివారు లేరు. దాని పొడవు సుమారు 4,325 మిల్లీమీటరులు. 1:24 కొలతలో అది 18 సెంటీమీటరులు, అనగా జానెడైనను కాదు. 1:43 కొలతలో 10 సెంటీమీటరులే. మన శిల్పులు ముఖపు పొడవును తాళమని పేర్కొని, ఆ తాళముతోడనే విగ్రహమునంతయు కొలుచుట యెఱిగినదే. పిల్లవాని లెక్కయు నా మార్గముననే నడచుచున్నది.

ఇతర దేశములలో ఈ వినోదము పెద్దలను గూడ నాకర్షించినది. ఇంగ్లండులోని మెకానో సంస్థవారు 1934లో ‘డింకీ’ యను పేర లోహపు బొమ్మకారులను అమ్మజొచ్చిరి. మొదట బొమ్మరైళ్ల ప్రక్కన నిలుపుటకై చేసినవి గావున రైళ్లకొలతకు సమీపమగు 1:43 వానికిని అబ్బినది. జపానులోని షిజువోకా పట్టణమున 1946లో కఱ్ఱకోత వ్యాపారముగ నారంభమైన తమియా సంస్థ, పిదప కఱ్ఱనమూనాలు చేసి, 1960 ప్రాంతమున ప్లాస్టిక్కు నమూనాలకు దిగి లోకప్రసిద్ధి గాంచినది. న్యూఢిల్లీ నిర్మాతలలో నొకరగు లుట్యెన్సు 1921–24 సంవత్సరముల నడుమ మేరీరాణికై కట్టించిన బొమ్మరిల్లు 1:12 కొలతలోనిది. అందలి మోటారుషెడ్డులో రోల్సురాయిసు మొదలగు చిన్నకారులు కలవు. నేటికిని దానిని విండ్సరు కోటలో చూడవచ్చును.

అమెరికాలో జనరల్ మోటార్సువారి ఆదరణమున 1930 మొదలు 1968 వఱకు ‘ఫిషర్ బాడీ’ శిల్పిసంఘమువారు నమూనాల పోటీలు నడపిరి. బహుమానములుగ విద్యార్థివేతనము లిచ్చిరి. పాల్గొన్న కుఱ్ఱవారిలో కొందఱు పిదప కారులకు రూపకల్పన చేయు పనిలో ప్రవేశించిరి. కాని సోదరీమణులారా, ఆ పోటీ బాలురకు మాత్రమే! ముగ్గులో చుక్కలెంచి గీత తప్పక కలుపగల మన బాలికలకు ఈ పని చేతగాదని యెవరనగలరు?

పరదేశపు పద్ధతులు చదివినపుడు నాకు మన కొండపల్లి జ్ఞప్తికి వచ్చినది. అచటి పనివారు తేలికయగు తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, అవయవములను వేఱువేఱుగ చేసి, చింతగింజల పిండిని ఱంపపుపొట్టుతో కలిపిన ‘మక్కు’తో అతికించి, సందులు పూడ్చి, సున్నపుపూత వేసి, పిదప సన్నని కుంచెతో రంగులు దిద్దుదురు. ప్లాస్టిక్కు కారులు చేయువారును సందులు పూడ్చి, గరుకుకాగితముతో నునుపుచేసి, అడుగుపూత వేసి, ఆపైననే రంగు వేయుదురు. వస్తువులు మాఱినవి, వరుస మాఱలేదు. ఏటికొప్పాకవారు అంకుడుకఱ్ఱను తరిమెనపట్టి లక్కరంగులు పూయు పద్ధతి వేఱు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అచట ప్రకృతిసిద్ధమైన రంగులకై కృషిచేసిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కార మొసగబడినది.

మేమును మక్కు చేసితిమి. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, దంచి, జల్లించి నీటిలో ఉడికించుట నా వంతు. కఱ్ఱకోత మిల్లునుండి పొట్టు తెచ్చుట వాని వంతు. అట్టలారీ యతుకులు దానితో గట్టిపడినవి.

చేయగోరువారికి కొన్ని సూచనలు. అట్టను కత్తితో ఒక్కమాఱుగ తెగగోయరాదు. కొలబద్ద నానించి మెల్లగా రెండుమూడు మాఱులు గీయవలెను. కత్తి యెదుటికే పోవలెను గాని తన చేతివైపునకు రారాదు. పెద్దలు ప్రక్కన నుండవలెను. ప్లాస్టిక్కు భాగములు కొన్నచో, మొదట సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. అచ్చునూనె యంటియున్న రంగు నిలువదు. దట్టముగ నొకపూత వేయుటకంటె పలుచగ మూడుపూతలు వేయుట మేలు. ఒకపూత ఆఱినగాని రెండవది వేయరాదు. మన కొల్లేటిసీమలో గాలి తేమ గలది. వానదినములలో లక్కరు పూసినచో తెల్లని మసక గట్టును. సంక్రాంతి మొదలు శివరాత్రి వఱకు పొడిదినములు, మెఱుగుపూతకు తగినవి.

పిల్లలకు నీటిలో కలియు రంగులే శ్రేష్ఠము. టిన్నరు వాసన లోపలి గదులలో పీల్చరాదు. కిటికీలు తెఱచి, లేదా వసారాలో పనిచేయవలెను. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2017 నవంబరునుండి మన దేశమున నిబంధన కలదు. పాతడబ్బాలలో మిగిలిన రంగులు పిల్లలచేతికీయకుడు. మూడేండ్లలోపు శిశువులున్న యింట చిన్నభాగములు నేలపై విడువరాదు.

మా లారీ పూర్తియగుటకు నాలుగు నెలలు పట్టినది. మఱుసటి సంక్రాంతికి బొమ్మలకొలువులో కొండపల్లి ఎడ్లబండి ప్రక్కన నిలిపితిమి. పేరంటమునకు వచ్చినవారు ఎక్కడ కొన్నారని యడిగిరి. ఆ సాయంకాలము వాని తండ్రి వచ్చెను. చెప్పులు విడిచి, కొలువుముందు వంగి, చాలసేపు చూచెను. వెనుకచక్రముపై రేకునకు వేలుపెట్టి, “ఈ సొట్టకూడ పెట్టినావురా!” అనెను. ఆ మాట తప్ప మఱేమియు ననలేదు. పిల్లవాని ముఖము చూడవలసినదే.

కావున సోదరీమణులారా, భోగికి ముందు ఇల్లు సర్దునపుడు మూలనున్న కుప్పను ఎత్తుటకు ముందు, అందేమున్నదో పిల్లల నొక్కమాట యడుగుడు.