మూత్రపిండాల జబ్బు - కండబలం

పోయిన సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా పెదనాన్నని చూశాను. ఉద్దానంలో కొబ్బరితోట ఆయనది. నా చిన్నప్పుడు ఎరువు బస్తాని ఒక్కడే భుజానికెత్తుకుని గట్టు దాటించేవాడు. అలాంటి మనిషి నులకమంచం పట్టె పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి లేచాడు. "ఏటిరా బాబూ, ఈ కాళ్ళు నావి కానట్టున్నాయి" అన్నాడు. మూత్రపిండాలు చెడి కొన్నేళ్ళయింది. ఇప్పుడు డయాలిసిస్ మీద ఉన్నాడు. "జబ్బు మనిషివి, కదలకు" అని ఊరంతా చెప్పింది. నేనూ అదే చెప్పాను. మంచినీళ్ళకి లేవబోతే కోప్పడి కూర్చోబెట్టాను కూడా.

జబ్బు మూత్రపిండాలకైతే బలం కాళ్ళకెందుకు తగ్గాలి? కాలేజీకి తిరిగొచ్చాక దీని గురించి చదివాను, మా లెక్చరర్లని అడిగాను. తెలుసుకున్నది మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మూత్రపిండం పిడికిలంత ఉంటుంది. ఒక్కొక్కదానిలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. రెండూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, పనికొచ్చేదంతా తిరిగి రక్తంలోకి పంపి, ఒకటిన్నర లీటర్లు మాత్రం మూత్రంగా బయటికి పంపుతాయి. ఇది మనం ఇంటర్‌లో చదివిందే. అయితే వీటి పని వడపోతతో అయిపోదు. రక్తంలో ఆమ్లం పెరగకుండా చూసేవీ ఇవే. ఎర్ర రక్తకణాల తయారీకి కావలసిన ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనుని చాలావరకు ఇవే ఇస్తాయి. విటమిన్ డి ని శరీరం వాడుకోగల రూపానికి మార్చేవీ ఇవే.

ఇవి దెబ్బతింటే ఆ దెబ్బ కండకి తగులుతుంది. రక్తంలో ఆమ్లం పెరిగితే కండరాల్లోని మాంసకృత్తులు విరిగిపోవడం ఎక్కువవుతుంది. రక్తం తగ్గితే కండకి ప్రాణవాయువు చాలదు. నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఆకలి చచ్చిపోతుంది కనుక తిండి తగ్గుతుంది. డయాలిసిస్ చేసిన ప్రతిసారీ మలినాలతోపాటు కొన్ని అమైనో ఆమ్లాలు కూడా పోతాయి. వీటన్నిటి మీద మంచం ఒకటి! మన రైతులకిది వేరే చెప్పాలా? నాలుగు నెలలు చావిట్లోంచి కదలని ఎద్దుని కాడికి కడితే ఏమవుతుంది? మనిషి కండా అంతే. వాడకపోతే కరిగిపోతుంది.

ఇక్కడొక చిత్రం ఉంది. ఉద్దానంలో పిల్లలకి కూడా తెలిసిన మాట 'క్రియాటినిన్'. "నీకెంత? నాకింత" అని టీకొట్టు దగ్గర చెప్పుకుంటారు. ఈ క్రియాటినిన్ పుట్టేది ముఖ్యంగా కండరాల్లోనే. కండ కరిగినవాడిలో అది తక్కువగా పుడుతుంది. కాబట్టి అంకె తగ్గినంత మాత్రాన మూత్రపిండాలు బాగుపడినట్టు కాదు. కండ తగ్గినా అంకె తగ్గవచ్చు!

మరి పోయిన బలం తిరిగి వస్తుందా? కొంత వస్తుందనే పరిశోధనలు చెబుతున్నాయి. 2001లో అమెరికాలోని బోస్టన్ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రకటించారు. డయాలిసిస్ దాకా రాని, మాంసకృత్తులు తక్కువగా తింటున్న 26 మంది రోగుల్లో కొందరిచేత 12 వారాలపాటు బరువుల కసరత్తు చేయించారు. తిండి తక్కువైనా వాళ్ళ కండబలం పెరిగింది. కసరత్తు చేయనివాళ్ళకి పెరగలేదు. 2017లో ఇటలీ నుంచి వచ్చిన మరో పరిశోధనలో డయాలిసిస్ రోగులు సుమారు 300 మంది పాల్గొన్నారు. అందులో ఒక జట్టు చేసిందల్లా డయాలిసిస్ లేని రోజుల్లో పది నిమిషాల చొప్పున రెండుసార్లు ఇంటిదగ్గర నడవడమే. ఆరు నెలలకి వాళ్ళు ఆరు నిమిషాల్లో నడిచే దూరం సగటున 328 మీటర్ల నుంచి 367 మీటర్లకి పెరిగింది. కొన్ని దేశాల్లో డయాలిసిస్ జరుగుతుండగానే మంచం దగ్గర పెడల్ యంత్రం పెట్టి తొక్కిస్తున్నారు.

"పొలం పని చేసేవాడికి వేరే కసరత్తెందుకు?" అని మా నాన్న అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో, నీళ్ళు చాలక, ఒళ్ళు హూనమయ్యేదాకా చేసే చాకిరీ వేరు. చల్లపూట కొలత ప్రకారం చేసి, కొంచెం కొంచెంగా పెంచే వ్యాయామం వేరు. చాకిరీ చేసి, ఒళ్ళునొప్పులకి మందులషాపులో బిళ్ళలు కొని మింగడం మరీ ప్రమాదం. ఆ నొప్పి బిళ్ళల్లో చాలా రకాలు మూత్రపిండాలకి చేటు.

వ్యాయామానికి డబ్బు ఖర్చేమీ లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం, నీళ్ళసీసా పట్టుకుని చెయ్యి మడవడం, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడవడం, ఇవి చాలు. వారానికి మొత్తం 150 నిమిషాలు, లేదా గుండె తట్టుకున్నంత, ఒక మోస్తరు శ్రమ మంచిదని 2024లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ముందుగా డాక్టరుని అడగాలి. జ్వరం ఉన్నా, బి.పి. అదుపులో లేకపోయినా ఆ రోజు మానాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆపి డాక్టరుకి చూపించాలి. డయాలిసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతితో డాక్టరు చెప్పేదాకా బరువులెత్తకూడదు.

ఒక్కమాట దాచకుండా చెప్పాలి. వ్యాయామం చెడిన మూత్రపిండాన్ని బాగుచెయ్యదు, డయాలిసిస్‌ని మాన్పించదు. ఉద్దానంలో ఈ జబ్బు ఇంతమందికి ఎందుకు వస్తోందో కూడా ఇంకా ఇదమిత్థంగా తేలలేదు. కానీ తన గుమ్మం తాను దాటడం, తన స్నానం తాను చెయ్యడం రోగికి చిన్న సంగతులు కావు.

మొన్న వెళ్ళినప్పుడు, డాక్టరు సరేనన్నాకే, పెదనాన్నని కుర్చీలో కూర్చోబెట్టి లేవమన్నాను. మొదటిరోజు రెండుసార్లు లేచాడు. నేనొచ్చేసే రోజుకి అయిదు. "తోట దాకా ఎప్పుడు తీసికెళ్తావురా?" అని అడిగాడు. వేసవి సెలవుల్లో, పొద్దు ఎక్కకముందే, అని మాటిచ్చాను.

మిత్రులారా! మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి మనిషి ఉంటే "కదలకు" అని మాత్రం అనకండి. డాక్టరుని అడిగి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు నడిపించండి.