స్వీనీ టాడ్ - రంగస్థలమున, వెండితెరపైన

హత్యలతో నిండిన కథను పాటలతో చెప్పవచ్చునా యని శ్రోతలు కొందరు ఆశ్చర్యపడవచ్చును. 1979లో న్యూయార్కున ప్రదర్శితమైన 'స్వీనీ టాడ్' అట్టి నాటకము. పాటలు, సంగీతము స్టీఫెన్ సోండ్‌హైమ్‌వి. అన్యాయముగా ద్వీపాంతరవాస మనుభవించి లండనుకు మరలిన క్షురకుడొకడు తనను శిక్షించిన న్యాయాధిపతిపై పగబూనును. అతడు చేజారగా, తన కుర్చీలో కూర్చున్న వారినెల్ల చంప నిశ్చయించును.

రెండవ అంకమున ఇతడు కుమార్తెను తలచుకొని మృదువుగా పాడుచునే కంఠములు కోయును. రాగము లాలించును, చేయి చంపును. ఆ మాధుర్యమునకు పరవశించిన మనము తుదకు మన పరవశమునకే భయపడుదుము. నాటకపు సారమంతయు ఇచ్చటనే గలదు.

రంగస్థలమున గాయక బృందము మాటిమాటికి వచ్చి కథ చెప్పును. అందుచే నేరము ఒక్కనిది గాక సమాజమంతటిదిగా తోచును. టిమ్ బర్టన్ 2007లో తీసిన చలనచిత్రమున ఆ బృందగానము లేదు. కెమెరా ముఖమునకు చేరువగా నిలుచును. జానీ డెప్ నాటక గాయకునివలె గొంతెత్తక, మాటాడినట్లు పాడును. సమాజము మరుగై, ఒక్కని ఏకాంతము మిగులును.

మృతులకొరకు పాడు ప్రాచీన క్రైస్తవ గీతము 'డీస్ ఈరే' స్వరములు ఈ సంగీతమున దాగియున్నవి. వానిని పట్టుటకు, ముందు నాటకపు పాటలను విని, పిదప చిత్రమును చూడుడని మా మనవి.