అసలు పిస్తోలు, నకలు పిస్తోలు: తేడా ఎక్కడుంది?

1758 డిసెంబరులో పిఠాపురానికి దగ్గరలోని చందుర్తి వద్ద ఇంగ్లిషు, ఫ్రెంచి కంపెనీల సేనలు తలపడ్డాయి. ఇంగ్లిషు సేనకు కర్నల్ ఫోర్డ్ నాయకుడు. విజయనగరం రాజు ఆనంద గజపతి ఆయనకు తోడుగా నిలిచాడు. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. మరుసటి ఏడాది మచిలీపట్నం కోట కూడా ఇంగ్లిషువారి వశమైంది. ఉత్తర సర్కారుల మీద ఫ్రెంచివారి పట్టు పోయింది. 

ఆనాటి యూరపు సేనల్లో సిపాయి చేతిలో పొడవాటి తుపాకీ ఉండేది. అధికారుల దగ్గర, గుర్రపు రౌతుల దగ్గర పిస్తోలు ఉండేది. రెండూ పేలే పద్ధతి ఒకటే. దాని పేరు ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయితో నిప్పు పుట్టించే ఏర్పాటు). పాతకాలపు నమూనాలను చూసి ఇప్పటికీ పిస్తోళ్లు తయారుచేస్తున్నారు. ఇటలీలో 1957లో మొదలైన పెదెర్సోలి, 1959లో మొదలైన ఉబెర్తి ఈ పనిలో పేరున్న సంస్థలు. మన దేశంలో తయారైన నకళ్లు కూడా అమెరికా, యూరప్‌లకు వెళ్తున్నాయి. పాత యుద్ధాలను మళ్లీ ప్రదర్శించి చూపే బృందాలు, సినిమాలవాళ్లు, సేకరణ మీద ఆసక్తి ఉన్నవాళ్లు వీటిని కొంటారు. మరి ఇవి అసలుకు ఎంత దగ్గర?

ముందు పనితీరు చూద్దాం. గొట్టం నోట్లో మందు పోసి, గుండు వేసి, పుల్లతో దట్టిస్తారు. గొట్టం పక్కన చిన్న పల్లెంలో చిటికెడు మందు పోస్తారు. మీట నొక్కితే సుత్తికి బిగించిన చెకుముకి రాయి వెళ్లి ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు రాలి పల్లెంలోని మందు అంటుకుంటుంది. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోతుంది. అప్పుడు గుండు బయటికి దూసుకుపోతుంది. 19వ శతాబ్దం మొదటి సగంలో రాయి స్థానంలో రాగి టోపీ వచ్చింది. దీపావళికి పిల్లలు కాల్చే రీలు తుపాకీలాగే, దెబ్బ తగలగానే పేలే మందు ఆ టోపీలో ఉంటుంది.

ఈ పనంతా మంచి నకలు కూడా చేస్తుంది. తేడా లోహంతో మొదలవుతుంది. పాత గొట్టాన్ని ఇనుప పట్టీతో చేసేవారు. దాన్ని కొలిమిలో కాల్చి, కడ్డీ చుట్టూ వంచి, అంచులను సుత్తి దెబ్బలతో అతికించేవారు. ఆ ఇనుములో మడ్డి చారలు మిగిలిపోయేవి. రెండు వందల ఏళ్లకు పైగా తుప్పు తిన్నాక ఆ అతుకు లోపల ఎంత బలహీనపడిందో పైకి కనిపించదు. అందుకే అసలు పిస్తోలును పేల్చకూడదు. మంచి నకలు గొట్టం ఒకే తీరుగా ఉన్న నేటి ఉక్కుతో తయారవుతుంది. ఇటలీలో దాన్ని అమ్మే ముందు ప్రభుత్వ గుర్తింపు ఉన్న పరీక్షశాలలో మామూలు కన్నా ఎక్కువ మందుతో పేల్చి చూసి ముద్ర వేస్తారు. అయినా అందులో వాడాల్సింది నల్ల తుపాకిమందే (సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన పాతకాలపు మందు). నేటి పొగరాని మందు ఒత్తిడి చాలా ఎక్కువ. అది పోస్తే కొత్త గొట్టమైనా పగిలే ప్రమాదం ఉంది.

రెండో తేడా యంత్రాంగంలో ఉంది. పాత స్ప్రింగులను, మరలను ఒక్కొక్కటిగా ఆకురాయితో రాసి సరిచేసేవారు. ఒక పిస్తోలు మర మరోదానికి సరిపోవడం అరుదు. నకళ్ల భాగాలు యంత్రం మీద ఒకే కొలతకు వస్తాయి. అందువల్ల మరమ్మతు సులువు. చవక నకళ్లలో మాత్రం ఉక్కు పలకకు చాలినంత గట్టిదనం రాదు. అప్పుడు రవ్వలు సరిగా రాలవు. మూడోది చేతికి తెలిసే తేడా. పాత పనివాడు కర్రను సన్నగా చెక్కేవాడు. చాలా నకళ్లలో కర్ర మందంగా ఉండి పిస్తోలు బరువుగా తోస్తుంది.

మన దేశంలో తయారై విదేశాలకు వెళ్లే నకళ్లలో చాలావాటికి గొట్టం పక్కన ఉండాల్సిన నిప్పు రంధ్రం వేయరు. రంధ్రం లేకపోతే మంట లోపలికి పోదు, కనుక అది పేలదు. అలంకార వస్తువుగా దాన్ని పంపడం తేలిక. కొన్నవాళ్లు తర్వాత రంధ్రం వేయించుకుంటే, ఆ గొట్టం ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో ఎవరూ పరీక్షించి ఉండరు. అసలు ప్రమాదం అక్కడ ఉంది.

ఇంకో చిక్కు మోసం. కొత్త పిస్తోలుకు ఆమ్లం పూసి, తుప్పు పట్టించి పాతదని అమ్ముతారు. నిజమైన తుప్పు చేయి తగిలే చోట ఒకలా, మూలల్లో మరోలా ఉంటుంది. ఆమ్లపు మచ్చలు అంతటా ఒకే తీరుగా ఉంటాయి. మరల గాడులు అచ్చు గుద్దినట్టు సమానంగా ఉన్నా అనుమానించాలి.

చట్టం సంగతీ తెలియాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పేలగల తుపాకీకి లైసెన్సు ఉండాలి. నోట్లోంచి మందు దట్టించేదైనా అంతే. మరమ్మతు చేసినా పేలని, పురావస్తు విలువ ఉన్న ఆయుధాలకు 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.

కాబట్టి అసలును, నకలును పోటీ పెట్టి ఏది మేలని అడగడం వల్ల ఉపయోగం తక్కువ. దట్టించడానికి ఎంతసేపు పడుతుంది, వానలో ఎందుకు పేలదు, గురి ఎంత దూరం నిలుస్తుంది అన్నవి నకలుతో తెలుస్తాయి. ఎవరు చేశారు, ఏ ఇనుముతో చేశారు, ఎంతగా వాడారు అన్నది అసలు ఒక్కటే చెప్పగలదు. ఇంట్లో పాత పిస్తోలు బయటపడితే దాన్ని పేల్చి చూడకండి, తోమి మెరిపించకండి. తోమితే ముద్రలు, పనివాడి ఆకురాయి గీతలు చెరిగిపోతాయి. ముందు పోలీసులకు తెలియజేసి, పురావస్తు శాఖ వారికి చూపించండి. నకలు కొనేవారు దాని మీద తయారీదారు పేరు, సంవత్సరం చెరగని విధంగా ఉన్నాయో లేదో చూసుకోండి. రేపు దాన్ని చేతపట్టే మనిషి మోసపోకుండా కాపాడేది ఆ గుర్తే.